ఆన్‌లైన్ సైకిల్ షాపులు ఒకరి చేతిలోకి పోతే అనంతపురంలో కొనేవాళ్లకు ఏమవుతుంది?

అదే ఫ్రేము, అదే 21 గేర్ల సెట్టు, అవే 27.5 అంగుళాల చక్రాలు. ఫోన్లో మూడు నాలుగు పేర్లతో, మూడు నాలుగు రంగుల్లో, వెయ్యీ పదిహేనువందల తేడాతో కనిపిస్తాయి. పిల్లాడు పదో తరగతిలోకి వచ్చాడని సైకిల్ కొనాలనుకున్న ఇంట్లో రెండు రాత్రులు కూర్చుని వాటిని పోల్చి చూసి, చివరికి ఒకటి ఆర్డర్ పెడతారు. నాలుగు కంపెనీలను పోల్చామనుకుంటారు. కానీ ప్రతి లిస్టింగు అడుగున తయారీదారు, ప్యాకర్, దిగుమతిదారు వివరాలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. వాటిని తెరిచి పక్కపక్కన పెడితే రెండు మూడు పేర్ల వెనక ఒకే చిరునామా తేలడం వింతేమీ కాదు. మన దేశంలో సైకిళ్ల తయారీకి పెద్ద కేంద్రం లూధియానా. అక్కడ ఒకే ఫ్యాక్టరీ నుంచి పలు స్టిక్కర్లతో బండ్లు బయటికి రావడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు దానిపైన ఇంకో అంతస్తు లేచింది: అమ్మే వెబ్‌సైట్లు కూడా కొద్దిమంది చేతుల్లోకి చేరుతున్నాయి.

షాపులు ఒకరి చేతిలోకి పోతే ధరలు పెరుగుతాయన్నది అందరికీ ఉన్న భయం. సైకిళ్ల విషయంలో మాత్రం ధర చివర్లో పెరుగుతుంది. ముందు పోయేది స్పేర్ పార్టులు, ఆ తర్వాత వారంటీ. కొన్న రోజున ఈ రెండూ కనపడవు కాబట్టే కొనేవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోరు.

ఈ వ్యవహారం మొదటినుంచి చివరిదాకా నడిచిన చోటు బ్రిటన్. విగిల్ అనే ఆన్‌లైన్ సైకిల్ షాపు 1999లో పోర్ట్స్‌మౌత్‌లో మొదలైంది. చైన్ రియాక్షన్ సైకిల్స్ ఉత్తర ఐర్లాండ్‌లో ఒక కుటుంబం నడిపిన చిన్న షాపు నుంచి ఎదిగింది. రెండూ పోటీపడి ధరలు తగ్గిస్తూ ప్రపంచమంతా పార్సిళ్లు పంపాయి. బెంగళూరు, హైదరాబాదు సైక్లింగ్ క్లబ్బులవాళ్లు టైర్లు, షిమానో గేరు సామాన్లు చాలాకాలం అక్కడినుంచే తెప్పించుకున్నారు. కస్టమ్స్ కట్టినా ఇక్కడికంటే తక్కువకే వచ్చిన రోజులున్నాయి. 2016లో ఆ రెండూ కలిసిపోయాయి. బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ అందుకు అదే ఏడాది అనుమతి ఇచ్చింది. 2021లో ఆ కలిసిన కంపెనీని సిగ్నా స్పోర్ట్స్ యునైటెడ్ అనే ఆన్‌లైన్ క్రీడాసామాన్ల కంపెనీ కొన్నది. జర్మనీ ఫారాడ్.డీఈ, ఫ్రాన్స్ ప్రోబైక్‌షాప్, ఇంకా బైక్‌స్టర్ కూడా అదే గొడుగు కింద ఉండేవి. కరోనా కాలంలో సైకిళ్లకు గిరాకీ ఎగబాకడంతో అందరూ గోడౌన్లు నింపుకున్నారు. గిరాకీ చల్లబడ్డాక సరుకు కదల్లేదు. 2023 అక్టోబరులో సిగ్నా స్పోర్ట్స్ మాతృసంస్థ ఇస్తానన్న 15 కోట్ల యూరోల హామీని వెనక్కి తీసుకుంది. ఆ నెలలోనే సిగ్నా స్పోర్ట్స్ దివాలా దారి పట్టింది, విగిల్, చైన్ రియాక్షన్ కూడా దాని వెంటే మునిగాయి. 2024లో ఆ పేర్లను ఫ్రేజర్స్ గ్రూప్ అనే బ్రిటిష్ షాపుల సంస్థ కొనుక్కుంది. మరో బ్రిటిష్ సైకిల్ షాపుల సంస్థ ఇవాన్స్ సైకిల్స్ 2018 నుంచే దాని చేతిలో ఉంది. అంటే ఒకప్పుడు ఒకదానితో ఒకటి తలపడిన మూడు పేర్లకు ఇప్పుడు యజమాని ఒక్కడే.

అమెరికాలోనూ దారి ఇదే. పెర్ఫార్మెన్స్ బైసికిల్ అనే సైకిల్ షాపుల సంస్థ 2000లో తనలాగే సైకిల్ సామాన్లు అమ్మే నాష్‌బార్‌ను కొన్నది. 2018 నవంబరులో దాని మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. వందకు పైగా షాపులు మూతపడ్డాయి. మరుసటి ఏడాది ఆ పేర్లు ఏమెయిన్ అనే మరో ఆన్‌లైన్ కంపెనీకి పోయాయి. వెబ్‌సైటు పేరు బతికింది, దాని వెనక ఉన్న షాపు, మెకానిక్కు, పాత వారంటీ బతకలేదు.

విడివిడిగా పది షాపులుంటే ఒకటి మునిగినా తొమ్మిది మిగులుతాయి. పదింటినీ ఒకే యజమాని అప్పు తెచ్చి కొంటే ఆ అప్పు తిరగబడిన రోజున పదీ ఒకేసారి మునుగుతాయి. ఆర్డర్ పెట్టి డబ్బు కట్టినవాళ్లు, తిప్పి పంపిన సరుకుకు రీఫండ్ రావలసినవాళ్లు, గిఫ్ట్ కార్డు చేతిలో ఉన్నవాళ్లు అందరూ అప్పులవాళ్ల వరుసలో చివరి చోట నిలబడాలి. తాకట్టు ఉన్న బ్యాంకులు ముందు తీసుకుంటాయి. మిగిలితేనే వీళ్లకు.

సొంత బ్రాండ్ల విషయం ఇంకా చిక్కు. పెద్ద ఆన్‌లైన్ షాపు ఏదైనా కొంతకాలానికి తన పేరుమీదే సరుకు చేయించి అమ్ముతుంది. మార్జిన్ ఎక్కువ, ఇంకో షాపులో దొరకదు కాబట్టి ధర పోల్చడానికీ ఉండదు. చైన్ రియాక్షన్‌కు వైటస్, న్యూక్‌ప్రూఫ్ అలాంటివే. మంచి బండ్లే. కంపెనీ మునిగిన రోజున వాటిని కొన్నవాళ్లకు ఎదురైన మొదటి ప్రశ్న ఫ్రేము వారంటీ. రెండోది అరచేతిలో సగం కూడా ఉండని ఒక అల్యూమినియం ముక్క. దాన్ని హ్యాంగర్ అంటారు.

వెనక గేరు మెకానిజాన్ని ఫ్రేముకు పట్టి ఉంచేది హ్యాంగరే. సైకిల్ కుడివైపు పడ్డప్పుడు ఫ్రేము వంగకుండా తాను వంగడం దాని పని. ఒకసారి వంగితే గేర్లు సరిగ్గా పడవు. చైను పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కినప్పుడు మెకానిజం ఊచల్లోకి వెళ్లి ఇరుక్కోవచ్చు. అప్పుడు మెకానిజం, ఊచలు, ఒక్కోసారి చక్రం, మొత్తం పోతాయి. మెత్తటి లోహం కాబట్టి ఒకటి రెండుసార్లు సరిచేయొచ్చు, ఆ తర్వాత విరుగుతుంది. ఇబ్బందల్లా హ్యాంగర్ల ఆకారాలు వందల్లో ఉండటమే. ఒక కంపెనీలోనే మోడల్‌కో రకం. బోల్టు రంధ్రం రెండు మిల్లీమీటర్లు తేడా ఉన్నా కూర్చోదు. శ్రామ్ కంపెనీ 2019లో, దానికి తగ్గట్టు చేసిన ఏ కంపెనీ ఫ్రేముకైనా సరిపోయే యూనివర్సల్ హ్యాంగర్ తెచ్చింది కానీ అది ఖరీదైన బండ్లలోనే ఎక్కువ. బ్రాండు మూతపడితే వేల రూపాయల సైకిలు ఆ ముక్క దొరక్క గోడకు ఆనుకుని ఉండిపోతుంది.

ఇప్పుడు మన దగ్గరి ఉదాహరణ. అట్లాస్ సైకిల్స్ 2020 జూన్ 3న సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూసేసింది. ప్రపంచ సైకిల్ దినోత్సవం అదే రోజు. దేశంలో అంత పెద్ద పేరు ఆగిపోయినా రాయలసీమ పల్లెల్లో అట్లాస్ తొక్కేవాళ్లకు సామాన్ల గురించి పెద్ద దిగులేమీ పట్టలేదు. ఎందుకంటే ఆ బండికి 28 × 1½ టైరు, కాటర్ పిన్ను క్రాంకు (పెడల్ బిగించే చేయి), కప్పు-కోను బీబీ (క్రాంకులు తిరిగే ఇరుసు, బేరింగులు), లావు చైను, వాల్వ్ ట్యూబు నోజిలు. హీరోకైనా, ఏవన్‌కైనా, హెర్క్యులస్‌కైనా పాత రకం నల్ల సైకిల్ అయితే ఇవే సామాన్లు. గుత్తిలో, ధర్మవరంలో, ఆళ్లగడ్డలో, పులివెందులలో ఏ సైకిల్ షాపుకు వెళ్లినా దొరుకుతాయి. బండి పేరు పోయినా బండి నడుస్తుంది.

కొనేవాళ్లు కంపెనీల తలరాతను మార్చలేరు. ఆ తలరాత తమ సైకిలుకు చుట్టుకోకుండా చూసుకోగలరు. ఏ సామాను అందరిదీ, ఏ సామాను ఆ కంపెనీది మాత్రమే అన్నది కొనకముందే తేల్చుకుంటే చాలు.

అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది టైరు సైజు దగ్గర. '26 అంగుళాలు' అని రాసి ఉన్న రెండు టైర్లు ఒకదాని రిమ్ము మీద ఇంకొకటి కూర్చోకపోవచ్చు. లేడీస్ సైకిళ్లకు, పాత రకం తేలిక బండ్లకు వచ్చే 26 × 1⅜ టైరు లోపలి వ్యాసం 590 మిల్లీమీటర్లు. రేంజర్ రకం బండ్లకు వచ్చే 26 × 1.95, 26 × 2.1 టైర్లది 559. తేడా 31 మిల్లీమీటర్లు. ఒకటి ఎక్కదు, ఇంకొకటి జారి ఊడుతుంది. 27.5 అంటే 584. 29 అన్నా, హైబ్రిడ్ బండ్లకు రాసే 700సీ అన్నా 622, రిమ్ము వ్యాసం ఒక్కటే, వెడల్పు మాత్రం వేరు. మన నల్ల సైకిల్ 28 × 1½ టైరు 635. యూరప్ లెక్కలో '28' అని 622ను రాస్తారు, కాబట్టి విదేశీ లిస్టింగులో 28 చూసి నల్ల సైకిలుకు తెప్పిస్తే డబ్బు వృథా. అంగుళాలను నమ్మకుండా టైరు పక్క గోడ మీద 37-590, 50-559, 40-622 లాంటి రెండు సంఖ్యల జత వెతకాలి. రెండో సంఖ్య సరిపోతేనే ఆర్డర్ పెట్టాలి. పిల్లల 20 అంగుళాల బండ్లలోనూ 406, 451 అని రెండు రకాలున్నాయి.

అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా 635, 590, 559 టైర్లకు కరువు లేదు. 584, 622 కొంచెం వెతకాలి, పెద్ద షాపుల్లో ఉంటాయి లేదా తెప్పిస్తారు. ఊరిబయట రోడ్ల పక్కన తుమ్మకంప, పొలం గట్లమీద పల్లేరు ముళ్లు ఉన్న ఈ నేలలో టైరు, ట్యూబు తరచుగా మార్చేవే. అందుకని నోజిలు కూడా చూసుకోవాలి. మోటారు సైకిలుకు ఉండే లావు నోజిలు అయితే పెట్రోలు బంకులో గాలి పడుతుంది. పాత వాల్వ్ ట్యూబు నోజిలుకు ఏ సైకిల్ షాపు పంపైనా సరే. సన్న నోజిలు ఉన్న రోడ్డు బైకుకు మాత్రం ఇంట్లో సొంత పంపు ఉండాలి, చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉండాలి. సన్న నోజిలు రిమ్ము రంధ్రం సుమారు 6.5 మిల్లీమీటర్లు, లావుదానికి 8.5. చిన్న రంధ్రంలో లావు నోజిలు పట్టదు. రంధ్రం పెద్దది చేయించుకోవచ్చు, కానీ సన్నటి రేసింగు రిమ్ముల్లో అది రిమ్మును బలహీనం చేస్తుంది.

గేర్ల బండిలో వెనక చక్రం ఫ్రీవీలా, క్యాసెట్టా అన్నది తర్వాతి ప్రశ్న. ఆరు, ఏడు గేర్ల చవక బండ్లకు మరతో బిగించే ఫ్రీవీల్ ఉంటుంది. దాని మర కొలత అన్ని కంపెనీలకూ ఒక్కటే కావడం మంచి సంగతి. చెడు సంగతి యాక్సిల్‌ది. ఫ్రీవీల్ వెడల్పు ఎక్కువయ్యేకొద్దీ కుడివైపు బేరింగు లోపలికి జరుగుతుంది, యాక్సిల్ కొస ఊతం లేకుండా ఉండిపోతుంది. వెనక ఇద్దరిని ఎక్కించుకున్నా, పాల క్యాన్లు కట్టినా అక్కడే వంగుతుంది. 10 మిల్లీమీటర్ల నట్ల యాక్సిలు ఏ షాపులోనైనా దొరుకుతుంది, మార్చడం కష్టం కాదు. పళ్లచక్రాల గుత్తిని జారించి బిగించే క్యాసెట్టు హబ్బులో ఈ బలహీనత తక్కువ, సామాను ఖరీదు ఎక్కువ.

చవక 21 గేర్ల ఉక్కు బండ్లలో కొనేవాళ్లకు కలిసొచ్చే విషయం ఇంకొకటుంది. వెనక మెకానిజం యాక్సిల్ నట్టు కింద ఇరికించే ఇనుప ప్లేటుకు వేలాడుతుంది. ఆ ప్లేటు దాదాపు అన్ని బండ్లకూ పడుతుంది. అంటే తొమ్మిది పదివేల బండికి లేని హ్యాంగర్ సమస్య పాతికవేల అల్యూమినియం బండికి ఉంటుంది. దాన్ని కొంటే అదే ఆర్డరుతో రెండు హ్యాంగర్లు తెప్పించుకుని ఒక కవర్లో వేసి దాచాలి. బండి అమ్మకంలో ఉన్నన్నాళ్లే అవి సులువుగా దొరుకుతాయి.

మన దేశంలో చేతులు మారడం విదేశాల్లోలాగా జరగలేదు. ఇక్కడ పూర్తిగా సైకిళ్లకే అంకితమైన పెద్ద ఆన్‌లైన్ షాపులు తక్కువ. అన్నీ అమ్మే మార్కెట్‌ప్లేసులు రెండు మూడే అమ్మకాలను పట్టుకున్నాయి. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేసు తన సొంత సరుకు అమ్మకూడదు. ఒక అమ్మకందారు తన కొనుగోళ్లలో నాలుగో వంతుకు మించి ఆ గ్రూపు కంపెనీల నుంచే చేసినా ఆ సరుకు మార్కెట్‌ప్లేసుదే అని లెక్క. చిన్న వ్యాపారులను కాపాడాలని పెట్టిన నియమం ఇది. దాని నీడలో కొనేవాళ్లకు ఒక చిక్కు వచ్చింది: బిల్లు మీద ఉండే పేరు మార్కెట్‌ప్లేసుది కాదు, ఎప్పుడూ వినని ఒక అమ్మకందారుది. ఆరు నెలల తర్వాత ఆ అమ్మకందారు అక్కడ ఉండకపోవచ్చు.

బ్రాండ్ల వైపు చూస్తే, 2005లో మొదలైన ఫైర్‌ఫాక్స్‌ను 2015లో హీరో సైకిల్స్ కొన్నది. బీఎస్ఏ, హెర్క్యులస్, మోంట్రా, మాక్ సిటీ నాలుగూ మురుగప్ప గ్రూపు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌వే. హెర్క్యులస్‌కూ బీఎస్ఏకూ మధ్య ఊగిసలాడేవాళ్లు ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఎంచుకుంటున్నట్టు. ఇది తప్పేమీ కాదు. ఇలాంటి కలయిక కొనేవాళ్లకు మేలు చేసే సందర్భాలే ఎక్కువ. ఈ కంపెనీలకు జిల్లాల్లో డీలర్లున్నారు, సామాన్లు ఒకే గోడౌను నుంచి వస్తాయి. అనంతపురంలో పాడైన బండికి అనంతపురంలోనే జవాబు చెప్పే మనిషి దొరుకుతాడు. డెకథ్లాన్ తన బండ్లను తానే అమ్మి తానే బాగు చేస్తుంది. అదీ ఒక రకం భద్రతే, కానీ వర్క్‌షాపు ఉన్న స్టోరుకు బండి చేరాలి. అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు రెండూ 200 కిలోమీటర్లకు పైనే. చక్రం బెండు తీయించడానికి ఎవరూ అంతదూరం పోరు.

అసలు జాగ్రత్త పడాల్సింది మూడో రకం దగ్గర. సొంత ఫ్యాక్టరీ లేదు, డీలరు లేడు, ఒక మార్కెట్‌ప్లేసులోనే కనిపించే పేరు. రెండేళ్లు ఉంటుంది, ఇంకో పేరుతో వస్తుంది, లేదా ఇంకొకరు కొని మోడళ్లన్నీ మార్చేస్తారు. ఇంత చిన్న కొనుగోళ్లు పోటీ కమిషన్ దృష్టికి మామూలుగా రావు. 2024 సెప్టెంబరు నుంచి అమలైన కొత్త నిబంధనలో ఒప్పందం విలువ గీత 2,000 కోట్ల రూపాయలు. సైకిల్ బ్రాండ్ల చేతులు మారేది అంతకు ఎంతో కింద. కాబట్టి కాపలా కొనేవాళ్లే కాసుకోవాలి.

ధర సంగతి. లిస్టింగులో ఎంఆర్‌పీ 19,999 కొట్టేసి 8,999 అని ఉంటే ఆ మొదటి అంకెకు విలువ లేదు. ఆ బండి ఏ షాపులోనూ ఆ ధరకు అమ్ముడుపోలేదు. పోల్చాల్సింది ఊళ్లో అదే చక్రం సైజు, అదే గేరు సెట్టు ఉన్న బండి ఫిట్టింగుతో కలిపి ఎంత పడుతుందన్నది. జీఎస్టీ మార్పు ఇంకో కొలబద్ద. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లు, సైకిల్ సామాన్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 11,200 ఉన్న బండి అసలు ధర 10,000. కొత్త రేటుతో అది 10,500కు రావాలి. ఆ 700 రూపాయలు కొనేవాళ్ల చేతికి వచ్చాయా, మధ్యలో ఆగిపోయాయా అన్నది పాత బిల్లు, కొత్త బిల్లు పక్కన పెడితే తెలుస్తుంది. నలుగురు అమ్మకందారులు పోటీపడే చోట అలాంటి తగ్గింపు త్వరగా దిగుతుంది. ఒక్కరే అమ్మే మోడల్లో దిగకపోయినా అడిగేవాళ్లుండరు.

ఆన్‌లైన్ ధరకు ఫిట్టింగు ఖర్చు కలపాలి. '85 శాతం', '90 శాతం ఫిట్టింగ్ అయిపోయింది' అని రాసే బండిలో మిగిలిన పదిహేను శాతమే ప్రాణం మీదికి తెచ్చేది. పెట్టెలో వెనక చక్రం బిగించి ఉంటుంది. హ్యాండిలు, ముందు చక్రం, పెడళ్లు, సీటు, మడ్‌గార్డులు, స్టాండు మనం బిగించాలి.

అక్కడ జరిగే తప్పులు ఎప్పుడూ అవే. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది. కొస మీద ఎల్ అని చెక్కి ఉన్న పెడల్‌ను ఎడమ క్రాంకులో అపసవ్యంగా, అంటే గడియారం ముల్లు తిరిగే వైపుకు ఎదురుగా తిప్పితేనే బిగుస్తుంది. మామూలు నట్టులాగా తిప్పి, పట్టడం లేదని పానా వేసి బలం చూపిస్తే క్రాంకు మర పోతుంది. పెడల్‌ను ముందు రెండు మూడు చుట్లు చేత్తోనే తిప్పాలి. చేత్తో తిరగకపోతే వంకరగా పట్టిందని అర్థం. మర మీద కాస్త గ్రీజు రాసి, 15 నంబరు పానాతో గట్టిగా బిగించాలి. పెద్దల బండి పెడల్ మర 9/16 అంగుళం. ఒకే ముక్క క్రాంకు ఉండే చిన్నపిల్లల బండ్లలో ½ అంగుళం. ఒకటి ఇంకొకదానికి పనికిరాదు.

రెండో తప్పు ఫోర్కు వెనక్కి తిరిగిపోవడం. పెట్టెలో ఇమడడానికి హ్యాండిలు తిప్పి కట్టి ఉంటారు. విప్పినవాళ్లు అలాగే చక్రం ఎక్కించేస్తారు. బండి నడుస్తుంది, కానీ హ్యాండిలు అదురుతుంది, మలుపులో కాలి వేళ్లు టైరుకు తగులుతాయి. గుర్తుపట్టడం తేలిక: ఫోర్కు కొసలు ముందుకు చూడాలి, డిస్క్ బ్రేకు ఉంటే ముందు డిస్క్ తొక్కేవాళ్ల ఎడమచేతి వైపు ఉండాలి. డిస్క్ కుడివైపు కనిపిస్తే ఫోర్కు తిరగబడిందని అర్థం.

సీటు పిల్లరు మీద, మర చెక్కిన ఫోర్కు ఉన్న బండ్లలో హ్యాండిల్ స్టెమ్ మీద ఒక గీత ఉంటుంది. అది లోపలికి మునిగి ఉండాలి. పిల్లాడు పొడుగయ్యాడని గీత దాటి పైకి లాగితే పిల్లరు వంగడమో, ఫ్రేము పగలడమో జరుగుతుంది. ఈ పగులుకు వారంటీ వర్తించదు. క్రాంకు బోల్టులను మొదటి యాభై, వంద కిలోమీటర్లలో ఒకసారి మళ్లీ బిగించాలి. చదరపు కొస ఉన్న బీబీ మీద అల్యూమినియం క్రాంకు వదులై ఊగుతుండగా తొక్కితే దాని చదరపు రంధ్రం గుండ్రమవుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన చవక బండ్లలో హబ్బు, హెడ్ బేరింగుల్లో గ్రీజు అంతంతమాత్రమే. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకోవాలంటే మొదటి నెలలోనే ఒకసారి విప్పి గ్రీజు పెట్టించడం మేలు.

ఆన్‌లైన్ బండి తీసుకెళ్తే ఊళ్లో షాపువాళ్లు ముఖం చిట్లిస్తారన్న ఫిర్యాదు అన్ని చోట్లా ఉంది. వాళ్ల కోణం కూడా న్యాయమే. అమ్మకంలో వచ్చే మార్జిన్ వేరేవాళ్లకు పోయింది, రేపు క్రాంకు ఊడితే నింద ఫిట్టింగు చేసినవాళ్ల మీద పడుతుంది. కాబట్టి ఫిట్టింగు చార్జీ అడిగినంత ఇవ్వడం, అక్కడే ట్యూబులు, బ్రేకు షూలు కొనడం కొనేవాళ్లకే లాభం. ఆ షాపు మూతపడితే ఆన్‌లైన్లో ఎంత చవకగా కొన్నా పంక్చరు వేసే చెయ్యి ఉండదు. చాలా వారంటీ కార్డుల్లో 'అధీకృత మెకానిక్కు బిగించాలి' అన్న వాక్యం ఉంటుంది. ఆ షాపు నుంచి తారీకు, ఫ్రేము నంబరుతో ఒక రసీదు రాయించుకుంటే రేపు అదే ఆధారం. ఫ్రేము నంబరు మామూలుగా క్రాంకు కింద గొట్టం మీద కొట్టి ఉంటుంది.

పెట్టె వచ్చిన రోజు చేయాల్సిన పని చిన్నదే. పెట్టె నాలుగు పక్కలా ఫొటో తీసి, విప్పుతున్నప్పుడు ఆపకుండా వీడియో తీయాలి. ఫోర్కు కొసలు, వెనక మెకానిజం, డిస్కులు దగ్గరగా కనపడాలి, ఎందుకంటే రవాణాలో వంగేవి అవే. చాలా సైకిల్ లిస్టింగుల్లో డబ్బు వాపసు ఉండదు, లోపముంటే కొన్ని రోజుల్లో మార్పిడి మాత్రమే. కాబట్టి బిగించడం వాయిదా వేసి అట్టపెట్టెలోనే ఉంచడం పనికిరాదు. మార్పిడి గడువు దాటేదాకా పెట్టెను పారేయకూడదు.

సామాను రాలేదు, వారంటీ ఇవ్వడం లేదు అన్నప్పుడు చట్టం బాగానే అక్కరకు వస్తుంది. 2020 జూలైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం మార్కెట్‌ప్లేసు తన ఫిర్యాదుల అధికారి పేరు చూపాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మకందారు పేరు, చిరునామా కూడా చూపాలి. ఆర్డర్ పెట్టిన రోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవాలి, తర్వాత లిస్టింగు మాయమైతే చేతిలో ఏమీ మిగలదు. అక్కడ పని జరక్కపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏమిటంటే కొన్నవాళ్లు తాము ఉండే చోటే కేసు వేయొచ్చు. అమ్మినవాళ్లు లూధియానాలో ఉన్నా, గురుగ్రామ్‌లో ఉన్నా కేసు అనంతపురం కమిషన్‌లోనే నడుస్తుంది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ప్రతివాదులుగా అమ్మకందారును, బ్రాండును, మార్కెట్‌ప్లేసును ముగ్గురినీ చేర్చాలి. ఒకరు చేతులు మారినా, మూతపడినా మిగతావాళ్లుంటారు.

ఎలక్ట్రిక్ సైకిల్ అయితే పైన చెప్పినదంతా రెట్టింపు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల పరిమితిలోపు బండికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి ఇవి ఆన్‌లైన్లో మామూలు సైకిళ్లలాగే అమ్ముడుపోతున్నాయి. చైను, టైరు, బ్రేకు షూ ఊళ్లో దొరుకుతాయి. బ్యాటరీ, కంట్రోలరు, డిస్‌ప్లే మూడూ కంపెనీవే. వాటిని కలిపే ప్లగ్గుల ఆకారాలు కూడా కంపెనీకో రకం. 36 వోల్టుల బ్యాటరీలో పది సెల్లులు వరుసగా కలిపి ఉంటాయి. పాడైన ప్యాకు విప్పి సెల్లులు మార్చేవాళ్లు పట్టణాల్లో ఉన్నారు. కానీ కొన్ని కంపెనీల రక్షణ సర్క్యూటు ఒకసారి కరెంటు తెగితే మళ్లీ కంపెనీ సాఫ్ట్‌వేరు లేకుండా మేల్కొనదు. మే నెలలో ఇక్కడి ఎండలో ఆరుబయట నిలిపిన బండి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది కాబట్టి రెండో బ్యాటరీ అవసరం మిగతా చోట్లకంటే ముందే వస్తుంది. డబ్బు కట్టకముందే కంపెనీకి మెయిల్ పెట్టి మూడు విషయాలు రాతలో తెప్పించుకోవాలి: విడిగా బ్యాటరీ ధర ఎంత, దాని పార్టు నంబరు ఏమిటి, అనంతపురం పిన్‌కోడుకు పంపుతారా. లిథియం బ్యాటరీల కొరియరు మీద ఆంక్షలున్నాయి కాబట్టి మూడో ప్రశ్నకు కొన్ని కంపెనీలు తప్పించుకునే జవాబే ఇస్తాయి. అలాంటి జవాబు వస్తే బెంగళూరులోనో హైదరాబాదులోనో బ్యాటరీ కౌంటరు మీద ఇచ్చే బ్రాండును చూసుకోవాలి.